కొండకు బయల్దేరే ముందు

మా ఊరివాళ్ళు చూసిన కొండలు రెండే రకాలు. ఒకటి, దేవుడు పెట్టినవి. రామగిరి ఖిల్లా అటువంటిది. రెండవది, కంపెనీ పెట్టినవి. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గుమీది మట్టిని తవ్వి, లారీలకెత్తి, ఊరి అంచున పోసిన గుట్టలు. నాలుగు వానలు పడి వాటిమీద కాస్త పచ్చదనం మొలిస్తే, కొత్తగా వచ్చిన చుట్టాలు నిజం కొండలే కాబోలనుకొని ఫోటోలు దిగుతారు. మేము సరిచెయ్యము. వున్నవి అవే కదా!

గోదావరిఖని సముద్రమట్టానికి రెండువందల మీటర్ల ఎత్తు కూడా వుండదు. పైగా ఇక్కడ మనుషుల బతుకును ఎత్తుతో కొలవరు. లోతుతో కొలుస్తారు. ఫలానాయన ఎన్నో బాయిలో చేసిండు, ఎంత లోతున చేసిండు - ఇదీ లెక్క. అటువంటి ఊళ్ళోనుంచి నలభై దాటిన ఒక తెలుగు లెక్చరరమ్మ, గుమాస్తా భర్తనూ, ఇంటరు చదివే కూతుర్నీ, డెబ్భై దాటిన తల్లిదండ్రులనూ వెంటబెట్టుకొని నేపాళం వెళ్తానంటే నలుగురూ నవ్వరా? నవ్వారు. స్టాఫ్‌రూములో అందరికంటె పెద్దగా నవ్వినవారు ఎకనామిక్స్ మేడమ్. "వేసవిలో ఊటీ పోండి, హాయిగా వుంటుంది" అని సలహా కూడా చెప్పారు.

దీనికంతకూ కారణం అల్లసాని పెద్దన. ప్రవరాఖ్యుడి కథ చెబుతున్నాను క్లాసులో. ఇంటికి వచ్చిన సిద్ధుడు కాళ్ళకు పసరు పూయడం, ప్రవరుడు హిమాలయాలమీద వాలడం, మంచుకు పసరు కరిగిపోయి తిరిగి వచ్చే దారి లేకపోవడం - ఇదంతా చెప్పి, కవి ప్రతిభ గురించి నాలుగు ముక్కలు చెప్పబోతుంటే, వెనక బెంచీలో ఒక పిల్ల లేచి "మేడమ్, ఆయన స్వెట్టరు లేకుండానే పోయిండా?" అని అడిగింది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. గాని ఆ ప్రశ్న సాయంత్రందాకా నన్ను వదలలేదు. నిజమే కదా! ఎప్పటినుంచో తీర్థాలు చూడాలని ఉవ్విళ్ళూరినవాడు, తీరా అవకాశం వచ్చినప్పుడు ఎంతసేపుంటాడో, ఎలా తిరిగొస్తాడో ఒక్క క్షణం ఆలోచించలేదు. ఇంటి దగ్గర ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టుకొని చూస్తూ వుంటుందని ఆలోచించాడో లేదో. ఇరవై ఏళ్ళుగా ఆ పద్యాలు చెబుతూ, ఆయన నియమనిష్ఠలనే మెచ్చుకొంటూ వచ్చాను. ప్రయాణం సంగతిలో మాత్రం అంత తెలివితక్కువవాడు మరొకడు లేడని ఆ రోజే తోచింది.

ఇంటికి వచ్చి ఈ ముచ్చటే చెప్పాను. మావారు నవ్వారు. అమ్మాయి నవ్వింది. అరుగుమీద కూర్చున్న బాపు మాత్రం నవ్వలేదు. కాసేపాగి, "బిడ్డా, ఆ తెల్లకొండలు మనసొంటోళ్ళు పోయి చూడొస్తదా?" అన్నాడు.

బాపు ఏదైనా అడగడమే అపురూపం. 1975లో కోల్ ఫిల్లరుగా బాయిలో దిగినాయన. తట్ట, చెమ్మాస్ పట్టుకొని టబ్బులు నింపాడు. 2013లో అరవై నిండి బయటికి వచ్చాడు. అన్నేళ్ళలో ఆయన చూసిన ఊళ్ళు చేతివేళ్ళకు మిగులుతాయి. ఇప్పుడు చెప్పాడు సంగతి. ఆయన పనిచేసిన బాయి ల్యాంపురూములో, ఎనభైలలో కాబోలు, ఎవరో ఒక కాలెండరు తగిలించారట. దానిమీద ఒక తెల్లటి కొండ. చేపతోకలా కొన రెండుగా చీలి వుండేదట. ఏడాది అయిపోయినా దాన్ని ఎవరూ తియ్యలేదు. తేదీల కాగితాలు చిరిగిపోయి బొమ్మ ఒక్కటే మిగిలింది. లోపలికి దిగేముందు తలదీపం తీసుకొనేటప్పుడు ఒకసారీ, పైకి వచ్చి దీపం అప్పగించేటప్పుడు ఒకసారీ, రోజుకు రెండుసార్లు దాన్ని చూసేవాడు. "అది ఎక్కడుందో ఎవలనూ అడగలే" అన్నాడు.

చేపతోక అనగానే నాకు తెలిసిపోయింది. మచ్ఛపుచ్ఛ్రే. పేరులోనే వుంది, మత్స్యపుచ్ఛం! నేపాళంలో పొఖరా పట్టణం పక్కన వుంది. 6,993 మీటర్లు. 1957లో ఒక బ్రిటిషు బృందం శిఖరానికి కొద్దిదూరందాకా వెళ్ళి ఆగి వెనక్కి తిరిగింది. ఆ తరువాత దాన్ని ఎక్కడానికి ఎవరికీ అనుమతి లేదు. అమ్మాయి ఫోనులో బొమ్మ తీసి చూపించింది. బాపు కళ్ళజోడు తుడుచుకొని చాలాసేపు చూశాడు. "గిదే" అన్నాడు.

ఇక అవ్వ వూరుకొంటుందా? "పోయేదుంటే ముక్తినాథ్ పోదాం. ఉత్త కొండను చూసొచ్చుడేంది?" అంది. మా యైటింక్లైన్ కాలనీలో భజన చేసే ఆడవాళ్ళు కొందరు రెండేళ్ళ కిందట బస్సు కట్టించుకొని ముక్తినాథ్ వెళ్ళివచ్చారు. అప్పటినుంచీ వాళ్ళు తెచ్చిన సాలగ్రామం చూసినప్పుడల్లా అవ్వ కళ్ళు అక్కడే వుంటాయి. నూటెనిమిది దివ్యదేశాల్లో అది ఒకటి. సాలగ్రామాలు దొరికే గండకీనది అక్కడిదే. గుడి వుండేది మాత్రం 3,700 మీటర్లమీద.

అలా మొదలైంది. మావారు పాత డైరీ ఒకటి తీసుకొని లెక్కలు రాయడం ప్రారంభించారు. ఆయనకు ప్రయాణంకంటె ప్రయాణపు లెక్కలంటే ఎక్కువ ఇష్టం. మొదట భూటాన్ అనుకొన్నాం, అందరూ శుభ్రంగా వుంటుందంటే. అక్కడ భారతీయులకు తలకు, రాత్రికి పన్నెండువందల రూపాయలు రుసుము. ఐదుగురికి రాత్రికి ఆరువేలు, తిండీ గదీ గాక. మావారు ఆ పేజీని అడ్డంగా కొట్టేశారు. నేపాళానికి వీసా లేదు. పాస్‌పోర్టు గాని, ఓటరు కార్డు గాని వుంటే చాలు. మన వందకు వాళ్ళవి నూటఅరవై, 1993నుంచీ అదే లెక్క. ముక్తినాథ్ వున్న అన్నపూర్ణ ప్రాంతంలోకి వెళ్ళడానికి సార్క్ దేశాలవారికి వెయ్యి నేపాలీ రూపాయలు, అంటే మన ఆరువందల ఇరవైఐదు. ఈ ఆరువందల ఇరవైఐదు ఆయనకెంతో నచ్చింది. రెండుసార్లు గీత గీశారు కిందను. కాజీపేట బల్లార్షా లైనుమీద ఉత్తరాదికి పోయే రైళ్ళను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం గాని, అందులో గోరఖ్‌పూరుదాకా కూర్చోవచ్చునన్న సంగతి ఎన్నడూ తోచలేదు. అక్కడినుంచి బస్సులో సోనౌలి సరిహద్దు, ఆపైన పొఖరా.

అసలు చిక్కు ఎప్పుడు వెళ్ళాలన్నది.

అందరూ వెళ్ళేది దసరా దీపావళి రోజుల్లోనూ, మళ్ళీ మార్చి ఏప్రిల్‌లోనూ. అప్పుడు ఆకాశం తేటగా వుంటుంది. గదులు దొరకవు, దొరికినా రెట్టింపు. మా ఊళ్ళో కూడా ప్రయాణాలు దసరాకే. లాభాల వాటా, దీపావళి బోనసు చేతికి వచ్చేది అప్పుడే మరి. గాని నాకా కాలేజీ, పిల్లకా చదువు. పైగా రద్దీలో డెబ్భై దాటినవాళ్ళను తిప్పడం నావల్ల కాదు. రద్దీ లేనప్పుడే వెళ్ళాలని పట్టుబట్టాను.

"రద్దీ ఎందుకు లేదో కనుక్కొన్నావా?" అన్నారు మావారు. అదీ మంచి ప్రశ్నే.

వానాకాలం రద్దీ వుండదు. విచిత్రమేమంటే ముక్తినాథ్ వుండే ముస్తాంగు ప్రాంతంలో ఆ రోజుల్లోనూ వాన తక్కువే. అన్నపూర్ణ, ధవళగిరి పర్వతాలు మబ్బుల్ని ఇవతలే ఆపేస్తాయి. అక్కడికి చేరితే సుఖమే, చేరడమే కష్టం. దారిపొడుగునా కొండచరియలు విరిగిపడతాయి. 2024 జులైలో నారాయణ్‌ఘాట్ ముగ్లింగ్ దారిలో రెండు బస్సులను చరియ ఒక్కసారిగా త్రిశూలి నదిలోకి నెట్టేసింది. ఆ వార్త చదివి వినిపించగానే అవ్వ "వానకాలం వద్దు" అని తీర్పు చెప్పింది. పైకప్పు కూలడమంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

అలాగని మంచి సీజను అన్నది కూడా మాట ఇచ్చేది కాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని హుద్‌హుద్ తుఫాను ఊడ్చిపెట్టింది, మీకందరికీ గుర్తే. ఆ తుఫాను అక్కడితో ఆగలేదు. నీరసించి, ఉత్తరంగా నడిచి, రెండురోజులకు అన్నపూర్ణ కొండల్లో మంచు తుఫానయింది. ముక్తినాథ్‌కు పైనే వున్న థొరాంగ్ కనుమలోనూ, ఆ చుట్టుపక్కలా నలభైమందికి పైగా పోయారు. నిండు సీజనులో! "ఇసాఖపట్నంల పుట్టిన గాలి గాడిదాక పోయిందా!" అని బాపు ఆశ్చర్యపోయాడు. గాలి విషయం ఏదైనా ఆయన చెవి అక్కడే వుంటుంది.

ఇక మిగిలింది శీతాకాలం. జనవరిలో అయితే ముక్తినాథ్‌లో మంచు కురుస్తుంది, నీళ్ళు గొట్టాల్లో గడ్డకడతాయి. డిసెంబరు మొదటి పక్షం మేలని తేల్చుకొన్నాం. సందడి తగ్గుతుంది, ఆకాశం తేటగానే వుంటుంది, గట్టి మంచు ఇంకా దిగదు. మా సెమిస్టరు పరీక్షలూ అప్పటికి ముగుస్తాయి. మా వీధిలో రాత్రిళ్ళు ఈల వేసుకొంటూ తిరిగే గూర్ఖాను కూడా అడిగాను. ఆయన ముందు నమ్మలేదు. తరువాత నవ్వి "చలికి మేము కిందికి వస్తాం, మీరు పైకి పోతారా అమ్మా?" అన్నాడు. ఐనా ఉన్నిటోపీలు ఇక్కడ కొనవద్దు, పొఖరాలో చవక అని చెప్పాడు. ఆ ఒక్క ముక్క ఇంటర్నెట్‌లో పదిగంటలు వెదికినా దొరకలేదు నాకు.

ఇంతవరకూ సరదాగానే జరిగింది. ఒకనాటి రాత్రి అమ్మాయి ముక్తినాథ్ గురించి చదివి వినిపిస్తూ, గుడి దగ్గర జ్వాలామాయి అని ఇంకొక చిన్న గుడి వుందనీ, అక్కడ నీటి ఊటపక్కనే రాతిసందులోంచి నీలిమంట ఎప్పుడూ వెలుగుతూ వుంటుందనీ చెప్పింది. అవ్వ చేతులు జోడించింది. బాపు చప్పున లేచి కూర్చున్నాడు.

"నీలిమంటనా? అది గ్యాసే" అన్నాడు.

నిజమే. భూమిలోంచి వచ్చే సహజవాయువు. బాయిలో వీళ్ళను వణికించే మీథేను అదే. బాపు ఇక ఆగలేదు. సేఫ్టీ ల్యాంపులో వత్తి తగ్గించి పట్టుకొంటే, గ్యాసున్న చోట మంటమీద నీలిటోపీ లేస్తుందట. గాలిలో నూటికి ఐదునుంచి పదిహేనుపాళ్ళదాకా వుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే లోపలికి దిగేముందు జేబులు తడిమి బీడీ, అగ్గిపెట్టె లాక్కొంటారు. "మేము దాన్ని జూస్తే బయటికి ఉరుకుదుము. ఆడ దండం పెడుతరా! బిడ్డా, నేను ఆ మంట చూడాలె" అన్నాడు. కాలెండరు కొండ మాట అయిపోయింది. ఇప్పుడు ఆయనకు 3,700 మీటర్లు ఎక్కాలని వుంది.

నా గుండె జారింది. ఎందుకంటే బాపుకు ఆయాసం. ముప్ఫైఎనిమిదేళ్ళ దుమ్ము, పైకి వచ్చాక తాగిన బీడీలు - దేని వంతు ఎంతో ఎవరు చెప్పగలరు? రెండు మెట్ల వరసలు ఎక్కితే గోడ పట్టుకొంటాడు. చెప్పకుండానే కరీంనగర్ తీసుకువెళ్ళి ఛాతీ డాక్టరుకు చూపించాను. గొట్టంలోకి ఊదించారు, వేలికి తగిలించి చూశారు, వరండాలో నడిపించారు. పొఖరాదాకా నిశ్చింతగా వెళ్ళమన్నారు. అది ఎనిమిదివందల మీటర్ల చిల్లరే. రెండున్నరవేల మీటర్లు దాటనివ్వవద్దన్నారు. ఆ మాట బాపుకు నేను చెప్పాలట.

మూడురోజులు చెప్పలేదు. క్లాసులో పిల్లలకు ఎన్ని విషాద ఘట్టాలు చెప్పానో, ఎంత గద్గదస్వరం పెట్టానో! ఇంట్లో నాలుగు మాటలు పెగల్లేదు. నాలుగోనాడు ఆయనే అడిగాడు: "డాక్టర్ వద్దన్నడా?"

"పైన గాలి తక్కువ బాపూ" అన్నాను.

"గాలి తక్కువంటే ఎంత?"

నాకు తెలిసిన మేరకు చెప్పాను. పైన కూడా గాలిలో ప్రాణవాయువు నూటికి ఇరవైఒకటే. "మరి ఇరవైఒకటుంటే తక్కువెట్లయితది?" అన్నాడు. గట్టి ప్రశ్న. వంతు తగ్గదు, గాలే పలచబడుతుంది, ఒక్క ఊపిరికి లోపలికి వచ్చేది తగ్గుతుంది అన్నాను. ఆయనకు మాటలు చాలలేదు, లెక్క కావాలన్నాడు. అమ్మాయి కాగితం తీసింది. ముక్తినాథ్ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో దానికి నూటికి అరవైనాలుగు పాళ్ళు. ఇరవైఒకటిలో అరవైనాలుగు పాళ్ళంటే సుమారు పదమూడున్నర.

"పదమూడా?" అన్నాడు బాపు.

"ఆఁ తాతా, ఇక్కడ పదమూడున్నర వున్నట్టు."

బాపు చాలాసేపు మాట్లాడలేదు. బాయిల్లో చట్టం ఒకటుంది. పనిచేసే చోట ప్రాణవాయువు పంతొమ్మిది పాళ్ళకు తగ్గకూడదు. తగ్గితే మనుషుల్ని అక్కడ వుంచకూడదు. ఆయనకది పుస్తకంలో చదివిన మాట కాదు. "పంతొమ్మిది లేకుంటేనే సర్దారు మమ్ముల అండ్ల ఉంచకపోవు. పదమూడుల నేనెట్ల పోత?" అన్నాడు. అంతే. డాక్టరుమీద కోపం లేదు, నామీద లేదు. ఆయన సర్దారు మాట ఆయన విన్నాడు.

గాని మరుక్షణమే అవ్వవైపు తిరిగి, "ఇది మాత్రం ఎట్ల పోతది?" అన్నాడు.

అవ్వ అప్పటికే "ఆయన రాంది నేనెందుకు పోత" అని ముసుగుతన్ని పడుకొంది. జంటగా చూడని తీర్థం తీర్థమే కాదట. రెండురోజులు ఇంట్లో ముక్తినాథ్ మాట లేదు. మావారు డైరీ మూసేశారు. మూడోనాడు బాపే మళ్ళీ తెరిపించాడు. ఒంటికి అలవాటయ్యే వ్యవధి ఇస్తే గుండె, ఊపిరితిత్తులు బాగున్నవాళ్ళు చాలామంది నెమ్మదిగా ఎక్కగలరని డాక్టరు చెప్పిన మాట నేను చెబితే, "మెల్లగంటే ఎంత మెల్లగ? రాయి" అన్నాడు. పొఖరానుంచి జీపులో ఒక్కరోజులో కూడా గుడిదాకా చేర్చేస్తారు. బాపు ఒప్పుకోలేదు. మొదటి రాత్రి తాతోపానీ, పన్నెండువందల మీటర్లు. రెండో రాత్రి మార్ఫా, రెండువేల ఆరువందల పైచిలుకు. మూడో రాత్రి కాగ్‌బేనీ, రెండువేల ఎనిమిదివందలు. మర్నాడు పొద్దున్నే గుడికి వెళ్ళి, దర్శనం చేసుకొని, మళ్ళీ కాగ్‌బేనీకే దిగి పడుకోవడం. మూడువేల మీటర్లపైన ఒక్క రాత్రి కూడా వుండకూడదు. తలనొప్పి, వాంతి, తూలడం - ఏది వచ్చినా "రేపు చూద్దాం" అనకుండా దిగి రావాలి. అవ్వకు కూడా పరీక్షలు చేయించాలన్నాడు, చేయించాం. గుండె గట్టిదే. నూటెనిమిది ధారలకింద తలస్నానం చేస్తానని ఆవిడ. డిసెంబరులో నెత్తిమీద నాలుగు చుక్కలు చల్లుకొంటే చాలునని నేను. ఆ తగవు ఇంకా తేలలేదు.

అవ్వ ఎందుకు ఒప్పుకొందో చెప్పలేదు కదూ? ఒకనాటి సాయంత్రం బాపు ఆవిడ పక్కన కూర్చొని, మంట ఎట్లుందో నువ్వు చూసొచ్చి చెప్పు, నేను కిందనుండి నా కొండను చూసుకొంట కూసుంట అన్నాడు. అవ్వ విననట్టే బియ్యంలో రాళ్ళేరుతూ వుంది. కాసేపటికి "ముప్ఫైఎనిమిదేండ్లు నువ్వు కిందికి పోతే నేను పైన కూసున్న" అంది. ఇంకాస్సేపటికి, "సైరను కూసిన గంటకు గూడ రాకపోతే, నా పానం ఎట్లుండెనో నీకేమెరుక?" అంది.

"ఇగ ఎరుకైతది తియ్యి" అన్నాడు బాపు.

నేను వంటింట్లో వున్నాను. బయటికి రాలేదు.

ఇప్పుడు టిక్కెట్లు కొన్నాం. పొఖరాలో బాపూ, మావారూ వుంటారు. చెరువుగట్టున, కొండ కనిపించే గది. నేనూ, అమ్మాయీ, అవ్వా పైకి వెళ్తాం. అవ్వ రోజూ పొద్దున ఏడింటికీ, పగలు మూడింటికీ, షిఫ్టు మారే వేళలకు ఫోను చెయ్యాలని బాపు నియమం. నేపాళం గడియారం మనకంటె పావుగంట ముందుంటుందని తెలిసి, అది ఎవరి ఏడు గంటలో ముందే తేల్చమన్నాడు. వాళ్ళ ఏడేనని తేల్చాం.

అన్నిటికంటె చివరి షరతు బిళ్ళ. బాయిలోకి దిగే మనిషి నంబరున్న బిళ్ళ ఇచ్చి దీపం తీసుకొంటాడు; పైకి వచ్చి దీపమిచ్చి బిళ్ళ తీసుకొంటాడు. బిళ్ళ మిగిలిందంటే మనిషి లోపలే వున్నాడన్నమాట. "నువ్వు కూడ నాకు బిళ్ళ ఇచ్చిపో" అన్నాడు అవ్వతో, పరిహాసానికే. అవ్వ ఒక్క నిమిషం ఆలోచించి, బొడ్లోంచి బీరువా తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. పెళ్ళయిననాటినుంచీ ఆ తాళంచెవి ఆవిడ ఎవరికీ ఇచ్చింది లేదు, నా పెళ్ళిలో నాకు కూడా. "వచ్చినంక ఇయ్యి" అంది.

ప్రయాణానికి ఇంకా నలభైరోజులుంది. ఇప్పటినుంచే ఎందుకిచ్చిందో ఆవిడకే తెలియాలి. చీర కావాలన్నా, పాలవాడికి డబ్బియ్యాలన్నా ఇప్పుడు బాపును అడగవలసి వస్తోంది. ఆయన జేబులన్నీ తడుముకొని, తీరిగ్గా తాళంచెవి తీసి, "మళ్ళ యాదిమరువకుండ ఇయ్యాలె" అని మరీ ఇస్తున్నాడు.